కారం లేని కొరివికారం

పెళ్ళయిన ముప్పై ఆరేళ్ళలో నా వంట మీద మా ఆవిడ చెప్పిన తీర్పు ఒక్కటే. "కారం తగ్గింది." నేను వంట చేసేదే అరుదు, చేసినప్పుడల్లా ఆ మాట తప్పేది కాదు. నా వంట అనే కాదు. ఈ కెనడాలో, ఒషావాలో ఉన్న రోజుల్లో ఎవరింటికి భోజనానికి వెళ్ళొచ్చినా, కారెక్కి సీటుబెల్టు పెట్టుకుంటూ ముందు ఆ మాటే అనేది. పెళ్ళి విందులు, గుళ్ళో పులిహోర, చివరికి మా అమ్మ చేతి గోంగూర కూడా ఆ తీర్పు తప్పించుకోలేదు. వాళ్ళది పల్నాడు. మా మామగారికి మిరపతోట ఉండేది. కల్లంలో ఆరబోసిన ఎర్రటి కాయల మధ్య పెరిగిన మనిషికి ఈ దేశంలో దొరికేదంతా చప్పగానే ఉంటుంది మరి. మాదీ గుంటూరు పక్కనే, నేనూ కారం తక్కువ తినేవాణ్ణి కాను. అయినా ఆమె ముందు నేను లెక్కలోకి రాను.

అలాంటి మనిషికి నోట్లో కేన్సర్ వచ్చింది. దవడ లోపల చిన్న పుండు, ఎంతకీ మానలేదు. ఆపరేషన్ చేశారు, ఆ తర్వాత వారాల తరబడి రేడియేషన్ ఇచ్చారు. రోగం పోయింది. చూసిన డాక్టర్లందరికీ చేతులెత్తి దణ్ణం పెట్టాలి. కానీ నోట్లో తడి తగ్గిపోయింది, లోపలి చర్మం ఉల్లిపొరలా పలచబడింది. చింతపండు పులుపు కాస్త ఓర్చుకోగలదు గానీ కారం మాత్రం నాలుక మీద పడితే నిప్పే. మిరియం పనికిరాదు, అల్లం పనికిరాదు. ఎన్నాళ్ళిలా అని అడిగితే, "కొందరికి కొన్నేళ్ళలో తగ్గుతుంది, కొందరికి తగ్గదు," అని నిజం చెప్పారు.

పెరుగన్నం, పప్పుకట్టు, డబ్బాలో వచ్చే ప్రొటీన్ డ్రింకు. ఇవే భోజనం. పెట్టింది పెట్టినట్టు మందు మింగినట్టు మింగి, కంచం సింకులో పెట్టేసి వెళ్ళేది. బాగుందనదు, బాగాలేదనదు. ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా అక్కడి డైటీషియన్ బరువు చూసి, "ఇంకొంచెం తినాలి," అనేది. ఈవిడ తల ఊపేది. ఇంటికొచ్చాక మళ్ళీ అదే నాలుగు చెంచాల పెరుగన్నం. రోగం ఉన్నప్పుడు కూడా నాకు అంత భయం వేయలేదు. ఆ నోరు మూసుకుని తినడం చూస్తే వేసింది.

ఒకరోజు కుదురుగా కూర్చోబెట్టి, "నీకేం తినాలని ఉందో చెప్పు, నేను చేస్తాను," అన్నాను.

"కొరివికారం," అంది ఠక్కున. వెంటనే చెయ్యి ఊపేసి, "ఊరికే అన్నాలెండి," అంది.

పండు మిరపకాయల్ని ఉప్పూ పసుపూ చింతపండూ వేసి దంచి, మూడు రోజులు జాడీలో ఉంచి, ఆపైన వెల్లుల్లీ మెంతిపిండీ తగిలించి తాలింపు పెట్టే పచ్చడి అది. వేడన్నంలో నెయ్యితో. పేరులోనే కొరివి ఉంది, కారంలోనూ ఉంటుంది. మా అత్తగారింట్లో ఏడాదికి రెండు జాడీలు పెట్టేవారు.

నేను మర్నాడే షాపుకెళ్ళి ఎర్ర క్యాప్సికం నాలుగు తెచ్చాను. కారం లేదు, ఎర్రగా ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. మిక్సీలో వేస్తే కాయలో సగం నీళ్ళే. పొయ్యి మీద పెట్టి ఎంత ఇగరబెట్టినా తియ్యటి గుజ్జు తప్ప పచ్చడి రాలేదు. బ్రెడ్డు మీద రాసుకునేదానిలా ఉంది. ఆవిడ రెండు ముద్దలు తిని, "బాగుంది," అంది. ముప్పై ఆరేళ్ళలో మొదటిసారి నా వంట బాగుందంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చినంత పనయింది.

నేను మొక్కల మనిషిని కాను. ఇరవై ఎనిమిదేళ్ళు ఒషావాలో కార్ల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా చేశాను. కారు తలుపుకీ బాడీకీ మధ్య ఉండాల్సినంత సందే ఉందా లేదా అని కొలత గేజ్ పెట్టి చూడటం నా పని. రిటైరయ్యాక మా అమ్మాయి ఉద్యోగం కిచెనర్ అనే ఊళ్ళో కాబట్టి ఇక్కడ ఇల్లు తీసుకున్నాం. తీరిక దొరికింది, బేస్‌మెంట్ దొరికింది, బ్యాక్‌యార్డ్ దొరికింది. ఇవి మూడూ ఉన్న రిటైర్డ్ మనిషి ఊరికే ఉండడు.

నాకు కావాల్సింది లెక్కగా రాసుకున్నాను. తోలు పలచగా ఉండాలి, కాయలో నీరు తక్కువ ఉండాలి, పండితే మన మిరపపండు వాసన రావాలి. కారం మాత్రం సున్నా. అలాంటి కాయ ఏ షాపులోనూ లేదు, ఏ విత్తనాల పుస్తకంలోనూ కనబడలేదు. ఉన్నవన్నీ ఇక్కడివాళ్ళ నోటికోసం చేసినవి, కండగా, రసంగా, కొరికి తినడానికి. మనకి కావాల్సింది మనమే పుట్టించుకోవాలి. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని ఒక చలికాలమంతా చదివాను.

ఇక్కడ త్వరగా పండే పొడుగు తీపి మిరప ఒకటి తల్లి. ఇండియన్ స్టోర్‌లో కొన్న గుంటూరు ఎండుమిర్చి ప్యాకెట్ అడుగున రాలిన గింజల్లోంచి మొలిచిన మొక్క తండ్రి. తల్లి మొక్క మీద రేపు విచ్చుకోబోయే మొగ్గని ఇవాళే పట్టుకోవాలి. రేకులు విప్పి, లోపల పుప్పొడి ఉండే కేసరాలన్నీ ఒక్కొక్కటే పీకేయాలి, మధ్యలో ఉన్న సన్నటి కాడకి దెబ్బ తగలకూడదు. దానికి మా ఆవిడ కనుబొమల ట్వీజర్ వాడాను. ఆ తర్వాత తండ్రి పువ్వు పుప్పొడి తెచ్చి ఆ కాడ కొసకి అద్దాలి. తేనెటీగ వచ్చి వేరే పుప్పొడి రాయకుండా పువ్వుకి ముసుగు వేయాలి.

ముసుగులకి మా ఇంట్లో కొదవ లేదు. ముప్పై ఏళ్ళుగా వెళ్ళిన ప్రతి పేరంటంలో, ప్రతి గృహప్రవేశంలో పసుపూ కుంకుమా పోక చెక్కలూ వేసిచ్చిన నెట్టు సంచులు, జరీ అంచువి, మా ఆవిడ ఒక్కటీ పారేయకుండా సూట్‌కేసులో దాచింది. "దేనికో దానికి పనికొస్తాయి" అనేది, నేను వెక్కిరించేవాణ్ణి. అవే పనికొచ్చాయి. ఎర్రవీ, ఆకుపచ్చవీ, బంగారు దారం లాగితే మూసుకునేవీ. బ్యాక్‌యార్డ్‌లో మొక్కలన్నీ పేరంటానికి వెళ్ళొచ్చినట్టు కనిపించేవి.

కంచె అవతల నుంచి పక్కింటావిడ చూసి, "మీ మొక్కలకి పెళ్ళా?" అని అడిగింది ఇంగ్లీషులో.

"అలాంటిదే," అన్నాను.

ఆవిడ స్కూల్ బస్ నడిపి రిటైరయింది. భర్త పోయాడు, ఒక్కతే ఉంటుంది. రేడియేషన్ రోజుల్లో మా ఇంటి మెట్ల మీద సూపు గిన్నె పెట్టి, బెల్లు కొట్టి, మేం తలుపు తీసేలోపు వెళ్ళిపోయేది. మనకి ఆ సూపులో ఉప్పు తప్ప ఏ రుచీ తెలియదు, కానీ మా ఆవిడ ఆ రోజుల్లో మింగగలిగింది అదొక్కటే.

సంకరం చేసిన కాయ పండగానే గింజలు తీసి బేస్‌మెంట్‌లో లైట్ల కింద నాటాను. బయట మంచు పడుతుంటే లోపల మిరప పూసింది. ఆ మొదటి తరం కాయలన్నీ కారమే, ఒక్కటి తప్పకుండా. మా అమ్మాయి వచ్చి చూసి, "డాడీ, అన్నీ స్పైసీయే కదా! స్టోర్‌లో స్వీట్ పెప్పర్స్ దొరుకుతాయిగా, వై ఆర్ యూ డూయింగ్ దిస్?" అంది. కారం ముందుకొచ్చే గుణమనీ, తీపి లోపల దాక్కుని ఉంటుందనీ, తాత ముక్కు కొడుక్కి రాకుండా మనవడికొచ్చినట్టు తర్వాతి తరంలో నాలుగింట ఒకటి బయటికొస్తుందనీ చెప్పాను. "ఓకే డాడీ," అంది, వింటున్నట్టే ఫోను చూసుకుంటూ.

రెండో వేసవికి పచ్చిక మొత్తం తవ్వేసి అరవై మొక్కలు పెట్టాను. ఒక తల్లీతండ్రుల పిల్లలంటే నమ్మేలా లేవు. ఒకటి గుండ్రంగా, ఒకటి కొడవలిలా, ఒకటి ఆకాశం వైపు, ఒకటి నేల వైపు. ప్రతి మొక్కకీ నంబరు రాసి పుల్ల గుచ్చాను, గింజలకని రెండేసి పువ్వులకి ముసుగు కట్టాను. ఎంపిక అంటే ఇక్కడే మొదలు. కాయ పండగానే కోసి, ఒక ముక్క నోట్లో వేసుకుని, కారమైతే పుల్లకి ఎర్ర టేపు, తీపైతే పచ్చ టేపు. అన్నీ నేనే రుచి చూశాను. ఇంకెవరికి అప్పజెబుతాను? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం నేను, ఆ సంగతి ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు.

అరవైలో పదిహేను తీపివి రావాలని పుస్తకం లెక్క. నాకు ఇరవై మూడు వచ్చాయి. అదృష్టం అనుకుని మురిసిపోయాను. ఫ్యాక్టరీలో ఎవరైనా ఇలాంటి లెక్క తెస్తే, "ముందు నీ గేజ్ చూపించు," అనేవాణ్ణి. ఇంట్లో మాత్రం ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు, నేనూ అడుక్కోలేదు.

ఆ ఇరవై మూడింట్లో పదిహేడో నంబరు నా ముద్దుబిడ్డ. సన్నగా, పొడుగ్గా, నిటారుగా, పండితే మెరిసే ఎరుపు. విరిస్తే మామగారి కల్లం వాసన కొట్టింది. ఆ చెట్టుకి రెండు కాయలు ఉంచి మిగతావన్నీ కోసి, దంచి, మూడు రోజులు ఊరబెట్టి కొరివికారం పెట్టాను. చూడటానికి ఎవరి ఇంటి జాడీకీ తీసిపోదు.

కంచం ముందు కూర్చుని మా ఆవిడ, "నిజంగా కారం లేదా?" అని అడిగింది.

"నేను తిన్నాగా! నా మాట మీద నమ్మకం లేదా?"

నమ్మింది. అదీ నా బాధ. వేడన్నంలో నెయ్యి వేసుకుని, చిన్న ముద్ద కలిపి, కళ్ళు మూసుకుని నోట్లో పెట్టుకుంది. ఒక్క క్షణం మొహం వెలిగింది కూడా. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లేచి పరుగెత్తింది. బాత్‌రూమ్‌లో కుళాయి చప్పుడు చాలాసేపు వినబడింది. నేను చల్లటి పాలు పట్టుకుని తలుపు బయట నిలబడ్డాను. పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టయింది నా పని.

నోరంతా మళ్ళీ పొక్కింది. పది రోజులు పాలూ నీళ్ళూ తప్ప ఏమీ లోపలికి పోలేదు. కష్టపడి పెరిగిన బరువు కాస్తా మళ్ళీ దిగిపోయింది. తిడుతుందేమో అనుకున్నాను, తిట్టలేదు. మాట్లాడగలిగిన రోజున మాత్రం మెల్లగా అంది:

"పిల్లికి చెలగాటం, ఎలక్కి ప్రాణసంకటంలా ఉందండీ. మీకు ఇష్టమైతే పెంచుకోండి, నేను కాదనను. నాకోసం మాత్రం వద్దు. ఇంక నన్ను తినమనకండి."

నేను ఆమె ముందున్న పాల గ్లాసు తీసి సింకులో పెట్టాను.

ఏం తప్పు జరిగిందో అప్పటికే నాకు తెలిసిపోయింది. ఆమె నోరు మండిన రోజు సాయంత్రమే పక్కింటావిడ వచ్చింది, చేతిలో సగం కొరికిన పదిహేడో నంబరు కాయ. పొద్దున గొప్పగా రెండు కాయలు నేనే ఇచ్చాను. మొహం ఎర్రగా కందిపోయింది, కళ్ళల్లో నీళ్ళు. "మీరు తీపి అన్నారు!" అంది. నేను ఆ కాయ తీసుకుని ఆవిడ ఎదురుగానే కొరికాను. తొడిమ దగ్గర తెల్లటి ఈనెతో సహా నమిలాను. నాకేమీ తెలియలేదు. తీపి, మిరప వాసన, అంతే. ఆవిడ నన్ను వింతగా చూసింది.

ఉగ్గుపాలతో పాటు కారం తిన్న నాలుక నాది. పచ్చి మిరపకాయ నంజుకుని చద్దన్నం తిన్న నాలుక. కొంచెం కారం దానికి కారమే కాదు. ఫ్యాక్టరీలో ప్రతి గేజ్ మీద ఒక స్టిక్కర్ ఉంటుంది, సరిచూసిన తేదీతో. ఆ తేదీ దాటిన గేజ్‌తో కొలిచాడని నేనొకసారి తోటివాణ్ణి అందరిముందూ కడిగేశాను, వాడు నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు నేనేం చేశాను? సరిచూడని నాలుకతో అరవై చెట్లు కొలిచి, ఫలితం తెచ్చి పుండు పడ్డ నోటికి పెట్టాను. సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తుంది.

కారాన్ని సరిగ్గా పట్టగలిగిన నాలుక మా ఇంట్లో ఒక్కటే ఉంది, దానితో పరీక్ష చేయించడం హింస. అందుకని నాలుగు రోజులు తటపటాయించి కంచె దగ్గరికెళ్ళి పక్కింటావిడని అడిగాను. బంగాళాదుంప మీద మిరియప్పొడి కనబడితే గోకి పక్కన పెట్టే మనిషి ఆవిడ. సంగతంతా చెప్పి, "ఇంత మాట అడగడం నాకే బాగాలేదు," అన్నాను.

ఆవిడ లోపలికెళ్ళి పాల డబ్బా, బ్రెడ్డు, పెన్సిలు తెచ్చుకుని డెక్ మీద కుర్చీ వేసుకుంది.

రోజుకి ఆరు కాయలు. అంతకంటే ఎక్కువైతే నాలుక మొద్దుబారుతుంది, అది నా నియమం. తొడిమ పక్కన ఈనె దగ్గర గోరంత ముక్క. కారం దాగి ఉండేది అక్కడే. మధ్యలో చెప్పకుండా షాపు క్యాప్సికం ముక్క ఒకటి కలిపేవాణ్ణి, ఆవిడ నాలుకని కూడా సరిచూడాలి కదా. ఒక్కసారి కూడా దాన్ని కారం అనలేదు. కారం తగిలితే, "ఓ, మై గుడ్‌నెస్!" అని కుర్చీ చేతులు పట్టుకునేది, పాలు తాగేది, కాగితం మీద ఇంటూ కొట్టేది. ఒకరోజు వరసగా మూడు కారంవే తగిలాయి. కళ్ళు తుడుచుకుంటుంటే నాకే మనసొప్పక, "ఇవాళ్టికి చాలు," అన్నాను.

"మా ఆయన చివర్లో ఆపిల్ గుజ్జు తప్ప ఏమీ తినలేదు," అంది ఆవిడ. "వంటగదిలో నిలబడి ఏం చేసిపెట్టాలో తోచేది కాదు. ఇంకోటి కోయండి."

కోశాను.

నా ఇరవై మూడింట్లో ఆవిడ ఒప్పుకున్నవి పద్నాలుగు. పుస్తకం లెక్కకి ఒకటే తక్కువ. ఆ పద్నాలుగులో ఎక్కువ భాగం కండగా, నీరుగా ఉన్నాయి, తల్లి పోలిక. పలచటి తోలూ, మిరప వాసనా రెండూ ఉన్నది ఒక్కటే మిగిలింది, నలభై ఒకటో నంబరు. చూస్తే కాయ గాలానికి తగిలించే కొక్కెంలా వంకర, మొక్క గిటకబారింది, అందరికంటే ఆలస్యంగా కాసింది. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారి. నేను దాన్ని ఎప్పుడో పీకేద్దామనుకుని, బద్ధకించి వదిలేశాను. దాని పువ్వులకి అప్పట్లో కట్టిన ముసుగు సంచులు రెండు ఇంకా కొమ్మలకే వేలాడుతున్నాయి, లోపల కాయలు పండి ఉన్నాయి. ఒకసారి తీపి బయటపడిందంటే ఆ చెట్టు తన పువ్వుతోనే తాను కాసిన గింజల్లో ఇక కారం ఉండదు. ఆ రెండు కాయల గింజలు కవరులో పోసి, మా ఆవిడకి కనబడకుండా ఉంచాను. నా కోసం వద్దంది కదా.

ఆమెకి కనబడకుండా ఈ ఇంట్లో ఏదీ దాగదు. మార్చిలో బేస్‌మెంట్‌లో లైట్లు వెలిగేసరికి మెట్ల మీదకొచ్చి నిలబడింది.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకండీ?" అంది.

నేను మట్టి కలుపుతూ ఉండిపోయాను. కాసేపు చూసి వెళ్ళిపోయింది. జూన్‌లో మొక్కలు బయట పెట్టాక, ఒకరోజు పొద్దున బ్యాక్‌యార్డ్ తలుపు దగ్గర జరీ అంచు సంచుల కట్ట ఒకటి కనబడింది. ఉతికి, ఆరబెట్టి, దారాలు సరిచేసి ఉన్నాయి. ఎవరు పెట్టారో అడగలేదు. అడిగితే తిరిగి సూట్‌కేసులోకి పోతాయి.

మూడో వేసవిలో ఇరవై మొక్కలు, అన్నీ నలభై ఒకటి పిల్లలే. ఈసారి నేను ఒక్క కాయ కూడా నోట్లో పెట్టలేదు. పెట్టి ఏం లాభం? వాసన చూశాను, తోలు వేళ్ళతో నలిపాను, ఎంత త్వరగా ఎండుతుందో చూశాను. తల్లి వంకర అందరికీ రాలేదు, ఆరింటికి మాత్రం వచ్చింది. వాసన తొమ్మిదింటికి బాగా వచ్చింది. రుచి సంగతి మాత్రం కంచె అవతలే. పక్కింటావిడ ఇరవై చెట్లూ చూసింది, ప్రతి చెట్టూ రెండేసి సార్లు. కాగితం మీద ఒక్క ఇంటూ లేదు. ఆఖరి రోజున ఆవిడ కాస్త నిరాశపడినట్టుగా, "పాలు వృథా అయ్యాయి," అంది.

సెప్టెంబరు చివర్లో, రాత్రికి మంచు పడి మొక్కలు మాడిపోతాయని వార్తల్లో చెప్పారు. కాయలు సగమే ఎరుపెక్కాయి. ఆ మధ్యాహ్నం మొక్కల్ని వేళ్ళతో సహా పీకి, గరాజ్‌లో సైకిళ్ళు తగిలించే కొక్కేలకి తలకిందులుగా వేలాడదీశాను. మా అమ్మాయి కారు బయటే ఆపుకుని, "డాడీ, గరాజ్‌లోకి వెళ్తే ఇట్ స్మెల్స్ లైక్ తాతగారి హౌస్," అంది. చిన్నప్పుడు రెండే రెండుసార్లు వెళ్ళింది ఆ ఇంటికి. నేను గబగబా ఇంట్లోకి చూశాను, మా ఆవిడ విన్నదా అని. కిటికీ దగ్గరే ఉంది.

వారం పదిరోజులకి వాసన ఉన్న తొమ్మిది చెట్ల కాయలూ ఎర్రబడ్డాయి. కడిగి, గుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టి, దంచి, జాడీకెత్తాను. ఎవరినీ తినమనలేదు. ఎవరి కోసమనీ చెప్పలేదు. మూడో రోజు ఆదివారం, మధ్యాహ్నం అన్నం వేళకి తాలింపు పెట్టాను. నూనెలో ఆవాలు చిటపటమన్నాయి, వెల్లుల్లి వేశాను, మెంతులు వేశాను.

"మెంతులు మాడుతున్నాయి!" అని హాల్లోంచి కేక వినబడింది.

నేను మంట తగ్గించేలోపే వంటగదిలోకి వచ్చేసింది. నా చేతిలో గరిటె లాక్కుంది. "పిండి చేసి వేస్తారండీ మెంతులు, ఎవరైనా ఇట్టా వేస్తారా? జరగండి." మాడిన మెంతులు తీసి పడేసి, మళ్ళీ నూనె పోసి, మళ్ళీ మొదలుపెట్టింది. మూడేళ్ళు దాటింది ఆమె పచ్చడికి తాలింపు పెట్టి. ముద్ద బాణలిలో పడగానే లేచిన వాసనకి గరిటె ఆపి ఒక్కసారి నిలబడింది. తర్వాత కలుపుతూ పోయింది.

ఇద్దరికీ కంచాలు పెట్టింది. నా కంచంలో వేసింది. తన కంచంలో గరిటె ఆపి, నా మొహం చూసింది.

"ఎవరు తిన్నారు ముందు?"

"నేను కాదు," అన్నాను. "పక్కింటావిడ. ఇరవై చెట్లూ, రెండేసి సార్లు."

"ఆవిడా?" అంది. నవ్వొచ్చింది ఆమెకి. "ఆవిడ తిందంటే పసిపిల్లకైనా పెట్టొచ్చు."

వేసుకుంది. నెయ్యి వేసుకుంది. నేను కూర్చోలేకపోయాను. ఫ్రిజ్ దగ్గరికెళ్ళి పాలు గ్లాసులో పోసి, పట్టుకుని నిలబడ్డాను. ఫ్రిజ్ తలుపు వేయడం మర్చిపోయాను, అది కుయ్యిమంటూనే ఉంది. ఆమె ఒక చిన్న ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. నీళ్ళు ఒక గుక్క తాగి, నమిలింది. మింగింది. నాలుకతో దవడ లోపల అటూ ఇటూ తడిమి చూసుకుంది, ఒకప్పుడు పుండు ఉన్న వైపు కూడా. 

ఇంకో గరిటె పచ్చడి వేసుకుంది. ఈసారి ముద్ద పెద్దది కలిపింది, పాత రోజుల్లో కలిపినంత. అది కూడా తినేసి, మూడోది కలుపుతూ, తలెత్తకుండానే అంది:

"కారం తగ్గిందండీ."